ఆ గుర్రు ఎవరింట్లోది?

కోనసీమ పల్లెలో ఓ ముసలి రేడియోకి పట్టిన గరగరను వెతుక్కుంటూ పోతే, దారి అరుగు మీది బల్బు నుంచి పాలపుంత దాకా సాగింది.

మొన్న సంక్రాంతికి రాజోలుకు అవతల మా మేనమామగారి ఊరు వెళ్ళాను. పండగ మూడు రోజులూ ఆయన బెంగంతా రేడియో మీదే.

"ఏరా, వార్తలు చదివే ఆవిడ పక్కన ఎవడో పడుకుని గుర్రుపెడుతున్నట్టు ఉంటోందిరా. నువ్వే విని చూడు."

విన్నాను. అరుగు మీద పడక్కుర్చీ, దాని పక్కన స్టూలు, స్టూలు మీద ట్రాన్సిస్టరు. ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపితే విజయవాడ పలుకుతోంది. పలుకుతోందిగానీ మాటకూ మాటకూ మధ్య ఒకటే గర్‌ర్‌ర్. ఆవిడ గొంతు గట్టిగా ఉన్నంతసేపూ కాస్త వెనక్కి తగ్గుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగిందా, మళ్ళీ మీదికొచ్చి కూర్చుంటుంది.

మావయ్యకు ఎనభై దాటాయి. ఇంట్లో పెద్ద టీవీ ఉంది, మనవల చేతుల్లో ఫోన్లున్నాయి. ఆయన మాత్రం రేడియో మనిషి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రంతో ఆయనది ఇంచుమించు జీవితకాలపు స్నేహం. భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ గొంతు వినబడితే "మన శంకరగుప్తం అబ్బాయి" అనుకుంటూ మురిసిపోయిన తరం అది. ఆ మహానుభావుడు 1930లో పుట్టింది ఈ రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలోనే మరి.

రేడియో బాగుచేసే కొట్టు మూతపడి చాలాకాలమైంది. అడిగిన ప్రతివాళ్ళూ "కొత్తది కొనుక్కోండి బాబుగారూ" అన్నారట. కొన్నారు. కొత్తదీ గుర్రుపెట్టింది. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి నాకు వినిపించారు. రెండూ ఒకే శ్రుతిలో గరగరమన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇదే తేలేది: ఇద్దరు రోగులకు ఒకేసారి ఒకే దగ్గు వస్తే జబ్బు వాళ్ళ ఒంట్లోది కాదు, గాలిలోది.

నాకు చిన్నప్పటి నుంచీ రేడియోల పిచ్చి. ఇలాంటి శబ్దాల వెంట పడి తిరగడం అంతకంటే పిచ్చి. పండగ పూట పేకాటకు కూర్చోమన్న బావమరుదులకు దండం పెట్టి లేచాను.

ముందు సొంత ఇల్లు

ఈ వేటలో మొదటి సూత్రం చెప్పడానికి సిగ్గుపడాల్సినంత తేలిక. రేడియోను బ్యాటరీల మీద పాడించాలి. ఇంటి మెయిన్ స్విచ్చి కట్టేయాలి. గోల ఆగితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆగకపోతే బయట ఉన్నాడు. ప్రపంచంలో ఏ మూల ఏ రేడియో అభిమానిని అడిగినా ముందు ఇదే చెబుతాడు. అయినా దాదాపు ప్రతివాడూ దీన్ని చివరికే చేస్తాడు. నేరం పక్కింటిదే అయి ఉండాలన్న నమ్మకం మనలో అంత గట్టిది.

మెయిన్ కట్టేశాం. గోల సగానికి పడిపోయింది. సగానికే!

మావయ్య కళ్ళలో మెరుపు, నాకు గుండెల్లో రాయి. సగం పోవడమంటే దొంగలు ఇద్దరన్నమాట.

మెయిన్ మళ్ళీ వేసి ఒక్కొక్క స్విచ్చీ కడుతూ వచ్చాం. ఫ్రిజ్జు నిర్దోషి. టీవీ కింది సెట్‌టాప్ బాక్సు అడాప్టరు కొంచెం గొణిగింది, క్షమించాం. ఫోను చార్జర్లు, నీళ్ళ మోటారు, దోమల బ్యాటు అన్నీ అయ్యాయి. చివరికి అరుగు మీద, సరిగ్గా రేడియో నెత్తి మీద వెలుగుతున్న ఎల్‌ఈడీ బల్బు ఆపాం. ఆ సగం గోల చటుక్కున మాయమైంది. తిరనాళ్ళలో కొన్నదట, డజను బల్బులు కారుచౌకగా.

బల్బు రేడియోను ఎందుకు చెడగొట్టాలి? పాత ఫిలమెంటు బల్బుకు ఆ శక్తి లేదు. వేడెక్కి వెలగడం తప్ప దానికేమీ తెలియదు. ఎల్‌ఈడీకి మన ఇంటి కరెంటు నేరుగా పనికిరాదు. బల్బు మెడలో దాక్కున్న చిన్న సర్క్యూటు ఆ కరెంటును సెకనుకు వేలసార్లు ముక్కలు కోసి, దానికి కావలసిన మోతాదులో వడ్డిస్తుంది. ఆ కోతలోంచి ఎగిరిపడే రజను లాంటిదే మనకు వినబడే గోల. మంచి కంపెనీవాళ్ళు ఆ రజను బయటికి రాకుండా ఓ తీగచుట్ట, ఓ కెపాసిటరు పెడతారు. చౌకబల్బువాళ్ళు ఆ నాలుగు రూపాయలూ మిగుల్చుకుంటారు. అక్కడి నుంచి ఇంటి గోడల్లోని వైరింగంతా ఏరియల్ అయిపోతుంది. దీన్ని గుర్తుపట్టే ఆనవాలు కూడా ఉంది. రేడియో ముల్లు మెల్లగా తిప్పుకుంటూ పోతే ఇలాంటి గోల ఒకచోట లేచి, తగ్గి, మళ్ళీ అంతే దూరంలో లేస్తుంది. కొలిచి నాటిన కొబ్బరి మొక్కల వరసలాగా.

ముగ్గుపిండితో గీసిన గీత

మిగిలిన సగానికి ఆ వరస లేదు. ముల్లు ఎక్కడ పెట్టినా ఒకేలా గుర్‌ర్‌మంటోంది. చెవి పెట్టి వింటే ఆ గుర్రు స్థాయి కూడా తెలుస్తుంది. సెకనుకు వంద దెబ్బలు. మన కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ రెండు శిఖరాలు. శిఖరం దగ్గర ఎక్కడో నిప్పురవ్వ ఎగురుతోందన్నమాట, సెకనుకు వందసార్లు.

"ఎప్పటి నుంచి మావయ్యా ఇది?" అంటే కాసేపు ఆలోచించి, "దీపావళి వానల్లో లేదురా. కోతలయ్యాక మొదలైంది. పొద్దెక్కిన కొద్దీ ఎక్కువ," అన్నారు. ఇంజనీరు చెప్పాల్సిన సగం సమాధానం ఆయనే చెప్పేశారు. కరెంటు స్తంభం మీద ఎక్కడైనా కట్టుతీగ వదులైతే, బోల్టు లూజైతే, రెండు ఇనుప ముక్కల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో నిప్పురవ్వలు లేస్తాయి. ఎండగా, పొడిగా ఉన్నప్పుడు ఈ గోల జాస్తి. వాన పడితే నీటిపొర ఆ ఖాళీని కలిపేసి నోరు మూయిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురు రకం ఇంకోటుంది, అది సముద్రం ఒడ్డు ఊళ్ళ సొత్తు. గాలికి ఎగిరొచ్చిన ఉప్పు పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఉప్పు ఊరుకుంటుంది. తెల్లవారుజామున మంచు పట్టి తడిసిందా, పింగాణీ మీదుగా కరెంటు దొంగదారి పట్టి చిటపటమంటుంది. గట్టి వాన పడితే ఉప్పు కొట్టుకుపోయి అదీ సర్దుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకు ఈ మంచువేళ చిటపట బాగా పరిచయమై ఉండాలి. మావయ్యది ఆ రకం కాదు, ఎండవేళ గుర్రు.

ఇక దిక్కు తెలియాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఏ ట్రాన్సిస్టరు విప్పినా లోపల రాగితీగ చుట్టిన నల్లటి ఫెర్రైటు కడ్డీ అడ్డంగా పడుకుని ఉంటుంది. మీడియం వేవ్‌కి అదే ఏరియల్. దానికో గుణం ఉంది. శబ్దం వచ్చే దిక్కుకు కడ్డీ అడ్డంగా ఉంటే బాగా వింటుంది, కడ్డీ మొన ఆ దిక్కుకే గురిపెడితే చెవుడు వస్తుంది. వేటకు పనికొచ్చేది ఆ చెవుడే. గోల ఎక్కడ ఎక్కువో చెవికి సరిగా అందదు, ఎక్కడ పడిపోయిందో మాత్రం ఇట్టే తెలుస్తుంది. రేడియోను ఒళ్ళో పడుకోబెట్టి మెల్లగా తిప్పుతూ, గుర్రు అణిగిన చోట ఆపితే, కడ్డీ వరసలోనే దొంగ ఉంటాడు. ముందున్నాడో వెనకున్నాడో మాత్రం అది చెప్పదు. అందుకే ఇంకో చోటికి వెళ్ళి మళ్ళీ తిప్పాలి. రెండు గీతలు కలిసే చోటే గురి.

పండగ కదా, వీధంతా ముగ్గులే. కాగితం వెతుక్కోవడం ఎందుకని మావయ్య కోడలి దగ్గర గుప్పెడు ముగ్గుపిండి అడిగి, సిమెంటు రోడ్డు మీద కడ్డీ చూపించిన దిక్కుకు ఓ గీత లాగాను. గీత ఉత్తరపు వైపు కాలవ దిక్కుగా పోయింది. "రథం ముగ్గు పాడుచేశారు అన్నయ్యగారూ," అని ఆ అమ్మాయి నొచ్చుకుంది. పిల్లలు మాత్రం ఇదేదో కొత్త ఆట అనుకుని వెంట పడ్డారు. సరదాకు సొంతంగా రేడియో ప్రసారాలు నడుపుకునే హామ్ రేడియో వాళ్ళు నిజంగానే దీన్ని ఆటగా ఆడతారు. ఎవరో ఓ చిన్న ట్రాన్స్‌మిటరు పొదల్లో దాచిపెడతారు, మిగతావాళ్ళు రేడియోలు పట్టుకుని దాన్ని వెతుకుతారు. ఆ ఆటకు వాళ్ళు పెట్టుకున్న పేరు నక్కవేట.

రెండో గీత కోసం కరెంటు తీగల కిందే నిలబడి పొరపాటు చేశాను. రేడియో ఎటు తిప్పినా గుర్రు తగ్గలేదు. నిప్పురవ్వ గోల తీగల వెంబడే పాకుతూ పోతుంది. తీగ కింద నిలబడితే ప్రతి స్తంభమూ దొంగలాగే కనిపిస్తుంది. తీగలకు ఎడంగా, చేల్లోకి దిగాల్సిందే. కోసిన వరిమోళ్ళ మధ్య నిలబడి తిప్పితే అప్పుడు దొరికింది రెండో గీత. రెండూ కాలవ అవతలి కొబ్బరితోట దగ్గర కలిశాయి.

తోట దగ్గర వరసగా స్తంభాలు. ఏది? ఇక్కడ పనికొచ్చేది బ్యాండ్ స్విచ్చి. తక్కువ ఫ్రీక్వెన్సీలో గోల చాలా దూరం పాకుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పుట్టినచోటికే పరిమితమవుతుంది. మీడియం వేవ్‌లో వీధి పొడుగునా వినబడిన గుర్రు, షార్ట్ వేవ్‌కు మారిస్తే రెండు మూడు స్తంభాల మధ్యే వినబడింది. షార్ట్ వేవ్ పైకొసకు ముల్లు తోస్తే ఒక్క స్తంభం దగ్గరే. ఆ స్తంభానికి బాగా ఎడంగా గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా చూశాం. పైన 11 కేవీ తీగ పింగాణీని కరుచుకున్న చోట, ఉండీ ఉండీ ఓ నీలి చుక్క. మిణుగురుకంటే చిన్నది.

ఆ చుక్కను అంతసేపు చూస్తూ ఉండిపోవడానికి నాకో కారణముంది. లోకంలో మొట్టమొదటి రేడియో ట్రాన్స్‌మిటరు అదే. 1887లో జర్మనీలో హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించింది నిప్పురవ్వతో. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతలి గంట మోగించిందీ నిప్పురవ్వతోనే. 1912లో మునిగిపోతున్న టైటానిక్ సాయం కోసం పెట్టిన కేక కూడా నిప్పురవ్వల యంత్రం పెట్టిందే. మనుషులు ఆ పద్ధతిని వదిలేసి వందేళ్ళవుతోంది. కొబ్బరితోటలోని ఆ లూజు కట్టుతీగ మాత్రం ఎవరి లైసెన్సూ లేకుండా, పగలూ రాత్రీ తన ప్రసారం తాను సాగిస్తోంది.

మర్నాడు లైన్‌మన్ కనిపిస్తే చెప్పాం. "కరెంటు బానే వత్తంది కదండీ?" అన్నాడు. వస్తోంది. "మరింకేటండీ?" అతణ్ణి తప్పుపట్టలేను. దీపం వెలుగుతున్నంతసేపూ తీగ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క అతని ఉద్యోగంలో. "ఇవాళ రేడియోలో గుర్రుపెట్టిన కట్టు, రేపు గాలివానకు ఊడి తీగ కిందపడుతుందయ్యా," అని మావయ్య అన్నాకగానీ అతను తలెత్తి చూడలేదు. "ఆయ్, అదీ నిజవేనండి," అన్నాడు. కొబ్బరి మట్టలు కొట్టడానికి లైన్ ఆపిన రోజున, మూడు వారాల తర్వాత, ఆ కట్టు బిగించారు. ఫోన్లో మావయ్య నాకు మొదట చెప్పిన వార్త అదే.

నాలుగు నిమిషాల తేడా

గోల ఎక్కణ్ణుంచి వస్తోందని విసుక్కుంటూ బయల్దేరి, వెతికినవాడే చరిత్రకెక్కిన సందర్భం ఒకటుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే కుర్ర ఇంజనీరు. అట్లాంటిక్ దాటే రేడియో టెలిఫోన్లలో బరబర ఎక్కువైంది, ఎందుకో కనుక్కోమని అతనికి పని అప్పగించారు. న్యూజెర్సీలోని హోమ్‌డెల్ పొలంలో ఫోర్డు కారు చక్రాల మీద గుండ్రంగా తిరిగే పెద్ద ఏరియల్ కట్టాడు. చూసినవాళ్ళు దాన్ని రంగులరాట్నం అన్నారు. 20.5 మెగాహెర్ట్జ్ మీద నెలల తరబడి విన్నాడు. దగ్గరి ఉరుములు ఒక రకం, దూరపు ఉరుములు ఇంకో రకం. ఈ రెండూ కాక ఎడతెగని సన్నటి బుస మరోటి. మొదట సూర్యుడిదేమో అనుకున్నాడు. కానీ ఆ బుస రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతోంది. ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలకోసారి పెరిగి తగ్గుతోంది.

ఆ నాలుగు నిమిషాల సంగతి అతనికి ఖగోళం తెలిసిన స్నేహితుడు చెప్పాల్సి వచ్చింది. కార్తెలు చూసి నారు పోసే మన రైతుకు చెప్పక్కర్లేదు. చుక్కలు రోజురోజుకూ కాస్త ముందుగా పొడుస్తాయని అతనికి తెలుసు. రోజుకు నాలుగు నిమిషాలు జరిగేది సూర్యుడు కాదు, నక్షత్ర మండలం. జాన్‌స్కీకి దొరికిన దొంగ పాలపుంత. 1933లో ఆ సంగతి ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ పుట్టింది. కంపెనీ మాత్రం "గోల ఆకాశానిదైతే మనం చేసేదేముంది" అని అతణ్ణి వేరే పనిలో వేసింది. నలభై నాలుగేళ్ళకే పోయాడు. ఇవాళ ఆకాశంలోంచి వచ్చే రేడియో బలాన్ని కొలిచే కొలమానం పేరు జాన్‌స్కీ.

అదే హోమ్‌డెల్‌లో 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మరో వదలని గోలతో కుస్తీపట్టారు. ఏరియల్లో గూడు కట్టిన పావురాలను తరిమారు, రెట్టలు కడిగారు, గోల పోలేదు. అది విశ్వం పుట్టుకనాటి వేడి తాలూకు శేషమని తేలింది. 1978లో నోబెల్ వచ్చింది.

అందరికీ అంత యోగం ఉండదు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకు 1998 నుంచీ అప్పుడప్పుడూ వింత సంకేతాలు అందేవి. పెరిటాన్లని పేరు కూడా పెట్టారు. 2015లో ఎమిలీ పెట్రాఫ్ అనే పరిశోధకురాలి బృందం దొంగను పట్టుకుంది. భోజనాల గది మైక్రోవేవ్ ఓవెన్! వంట పూర్తయ్యేదాకా ఆగలేక ఎవరో మధ్యలోనే తలుపు లాగినప్పుడల్లా టెలిస్కోపుకు ఆకాశవాణి వినబడేది. వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే పల్లెకు ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్న ఏడింటికి ఇంటర్నెట్ పోయేది. కేబుళ్ళు మార్చినా లాభం లేకపోయింది. 2020లో ఇంజనీర్లు వానలో తడుస్తూ తెల్లవారుజామున ఊరంతా తిరిగితే, ఒకరింట్లో పాత సెకండ్‌హ్యాండ్ టీవీ దొరికింది. ఆ ఇంటివాళ్ళు రోజూ ఏడింటికి దాన్ని వేసేవారు. తెలిసి సిగ్గుపడి, మళ్ళీ ఎన్నడూ వేయబోమన్నారు. ఆ ఊరివాళ్ళ మర్యాదను మెచ్చుకోవాలి. మనూళ్ళో అయితే పంచాయితీ అయ్యేది.

మన గాదంకిలో, తిరుపతి దగ్గర, 53 మెగాహెర్ట్జ్ రాడారుంది. 1024 ఏరియళ్ళతో పైగాలుల కదలికను వింటుంది. గాలి మడతల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంత బలహీనమో ఊహించుకుంటే, అలాంటి కేంద్రాలను పట్నాలకు దూరంగా కొండల చాటున ఎందుకు కడతారో అర్థమవుతుంది. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్ఫై పెట్టుకున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపువాళ్ళదీ అదే అవస్థ. చుట్టుపక్కల పల్లెల కరెంటు తీగల్లోని నిప్పురవ్వ కూడా వాళ్ళకు నక్షత్రంకంటే గట్టిగా వినబడుతుంది.

గాలివాన రాత్రి

ఈ కాలంలో మీడియం వేవ్ ఎవరు వింటారండీ, ఎఫ్ఎం లేదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజనీరు 1933లో ఎఫ్ఎంకు పేటెంటు పొందిందే ఈ బరబర బాధ పడలేక. గోల రేడియో తరంగపు ఎత్తును చెడగొడుతుంది, ఎఫ్ఎం ఆ ఎత్తును పట్టించుకోదు. అందుకే పాట శుభ్రంగా వస్తుంది. కానీ ఎఫ్ఎం చూపు మేరకే పోతుంది. తుఫాను నెత్తిమీదికి వచ్చిననాడు దగ్గరి ఎఫ్ఎం టవరు మీద ఆశ పెట్టుకోలేం. మీడియం వేవ్ నేలను పట్టుకుని వంద కిలోమీటర్లు దాటి వస్తుంది. ఇక్కడ అన్నీ కూలినా, అక్కడ విజయవాడలో మాట్లాడే గొంతు ఇక్కడ వినబడుతుంది.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి సంగతి కోనసీమవాళ్ళకు వేరే చెప్పాలా. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. కరెంటు లేదు, ఫోను లేదు. మావయ్య ఆ రాత్రి రేడియోను పాలిథిన్ సంచీలో చుట్టి పంచెలో కట్టుకున్నారు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మోంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడూ ఆయన మంచం పక్కన ఉన్నది అదే. సెల్‌టవరు బ్యాటరీ కొన్ని గంటలది. రేడియో బ్యాటరీ వారాలది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ హామ్ రేడియో మీదే అక్కడి కబుర్లు బయటికి పంపారు. అలాంటి రాత్రి వినాల్సిన గొంతు చాలా దూరానిది, సన్ననిది. పక్కింటి బల్బు గరగర దాన్ని మింగేయగలదు.

నేలమీదే కాదు. వేట పడవల్లోని వీహెచ్ఎఫ్ సెట్లకు ఆపద వేళ దిక్కు 16వ చానెల్, 156.8 మెగాహెర్ట్జ్. 2018 ఆగస్టులో అమెరికా తీరరక్షక దళం ఓ హెచ్చరిక విడుదల చేసింది. పడవల మీద బిగించిన కొన్ని ఎల్‌ఈడీ దీపాలు ఆ సెట్లను చెవిటివాటిని చేస్తున్నాయని. పరీక్ష చాలా చిన్నది. దీపాలన్నీ ఆపి, సెట్‌లో ఎవరూ మాట్లాడని చానెల్ పెట్టి, హోరు సరిగ్గా ఆగేదాకా దాన్ని అణిచే స్క్వెల్చ్ బిరడా తిప్పాలి. అప్పుడు దీపం వేయాలి. హోరు మళ్ళీ మొదలైతే ఆ దీపం ఆ పడవకు పనికిరాదు. అంతర్వేది పల్లిపాలెం రేవులోనూ ఐదు నిమిషాల పని ఇది. చెరువుల మీద ఏరియేటర్లు పెట్టుకున్న రొయ్యల రైతులు కూడా ఓసారి స్టార్టరు పెట్టె దగ్గర రేడియో పెట్టి వింటే మంచిది. కాలిపోతున్న కాంటాక్టు, నలిగిన కేబులు మోటారు ఆగిపోకముందే రేడియోలో గొణుగుతాయి.

ఇంకొక దొంగ ఉన్నాడు, వాణ్ణి మనమే డబ్బిచ్చి తెచ్చుకుంటాం. కొబ్బరితోటల మధ్య సిగ్నల్ అందడం లేదని డాబా మీద బిగించే మొబైల్ బూస్టరు. పెళ్ళి పందిట్లో మైకును స్పీకరు ముందు పెడితే కూత పెడుతుంది చూడండి, డాబా మీది ఏరియల్‌కూ ఇంట్లో ఏరియల్‌కూ మధ్య ఎడం లేకపోతే బూస్టరు అచ్చం అలాగే కూస్తుంది. ఆ కూత మన చెవికి కాదు, టవరుకు వినబడుతుంది. మీకొక్కరికి నాలుగు గీతలు వస్తే చుట్టుపక్కలవాళ్ళకు ఫోను కలవదు. అనుమతి లేని బూస్టరు అమ్మడమూ పెట్టుకోవడమూ రెండూ నేరమే. టెలికాం శాఖవాళ్ళు వాహనం మీద ఏరియల్‌తో ఊళ్ళలో తిరిగి వీటిని పట్టుకుంటారు. వాళ్ళు చేసేదీ నేను ముగ్గుపిండితో చేసినదే, యంత్రం ఖరీదులోనే తేడా.

మావయ్య ఇంట్లో ఆ బల్బు పారేయలేదు. పాతతరం కదా, వెలిగే బల్బు పారేయడం వాళ్ళవల్ల కాదు. పశువుల పాకలోకి మార్చారు. వార్తల వేళకు దాన్ని ఆపేసి వస్తారు.

కార్తీకం తుఫాన్లకు ఇంకా వ్యవధి ఉంది. ఈ సాయంత్రం బ్యాటరీ రేడియో ఒకటి బయటికి తీసి మెయిన్ కట్టేసి వినండి. గుర్రు మీ ఇంట్లోదైతే సరిచేసుకోండి. వీధిలోదైతే, స్తంభం ఏదో తేల్చుకుని, నంబరుంటే రాసుకుని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి. టైటానిక్ ఏడాదీ ఈ నంబరూ ఒకటే కావడం కాకతాళీయమే, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. స్తంభాన్ని మాత్రం తట్టకండి, ఊపకండి, స్టే తీగ పట్టుకోకండి. పైన వదులైంది ఎంత వదులైందో కింద నిలబడ్డవాళ్ళకు తెలియదు.